చేతుల గది గోడ

పెన్సిలు చెక్కి, మొన మీది పొడి ఊది ఆమె తలెత్తేసరికి గోడ లేదు.

అంటే, గోడ ఉంది. గోడ మీద ఉండాల్సింది లేదు. నిన్న సాయంత్రం దాకా నడుము ఎత్తు నుంచి తల పైదాకా బూడిదరంగు మరకలతో, పెన్సిలు గీతలతో నిండి ఉన్న గోడ ఇప్పుడు తెల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. గది నిండా పెయింటు వాసన. నిచ్చెన మీద పెయింటరు కూనిరాగం తీస్తూ కిటికీ చట్రానికి చివరి పూత వేస్తున్నాడు. గోడకు ఆనించి ఒక అట్టముక్క పెట్టాడు. 'తడి రంగు. ముట్టుకోరాదు.'

పొద్దున్నే, కోటు కూడా తొడుక్కోకముందే పెన్సిలు చెక్కడం ఆమెకు అలవాటు. ఆపరేషన్ థియేటరులో మొద్దుబారిన బ్లేడు ఒకటి ఉడికించి, శుభ్రం చేసి, అందుకోసమే డ్రాయరులో దాచుకుంది. ఇప్పుడు ఒక చేతిలో బ్లేడు, ఒక చేతిలో పెన్సిలు పట్టుకుని ఏ పని ముందు చెయ్యాలో తోచక నిలబడింది.

"ఇదెవరు చెయ్యమన్నారు?"

"పెద్ద సారు. ఇవాళ ఎవరో చూడ్డానికొస్తున్నారంట కదమ్మా." పెయింటరు కిందికి చూశాడు. "ఏం మురికమ్మా ఈ గోడ! ఎన్ని పూతలేసినా కింద నుంచి తొంగి చూస్తానే ఉంది. చిన్నపిల్లల వార్డా ఇది?"

"పెద్దపిల్లలది. ఇక్కడో మేకు ఉండాలి. దానికి పురికొస ఉండాలి."

"పీకేశాను."

"మేకు ఇవ్వండి."

అతను డబ్బాలో వెతికి తుప్పు మేకు ఒకటి తీసిచ్చాడు. "ఏం చేసుకుంటారు?"

"కొడతాను. సుత్తి కూడా ఇవ్వండి."

"ఇప్పుడే వేసిన రంగమ్మా! నా పని నా కళ్ల ముందే పాడు చేస్తారా?"

"నా పని మీరు నేను చూడకుండా పాడు చేశారు. ఇవ్వండి."

అతను ఇచ్చాడు. ఆమె తన భుజం ఎత్తున మేకు కొట్టింది. దెబ్బకు కాస్త సున్నం రాలింది. పురికొస ఒక కొస మేకుకు, రెండో కొస పెన్సిలు నడుముకు కట్టి వదిలింది. పెన్సిలు రెండు చుట్లు తిరిగి ఆగింది.

ఆమె పొట్టి మనిషి. ఆ పొట్టి ఒంటికి ఎవరివో తెచ్చి అతికించినట్టు చేతులు మాత్రం పెద్దవి. గోళ్లు చర్మం దాకా కత్తిరించి ఉంటాయి. కళ్లజోడు కాడ విరిగితే గాయాలకు అంటించే తెల్ల పట్టీతో చుట్టేసింది. అది చుట్టి చాలా కాలమైంది, పట్టీ ఇప్పుడు నల్లబడింది. మధ్యపాపిట దగ్గర జుట్టు నెరిసింది. కుడి చెప్పు మడమ ఎడమదానికంటే ముందు అరుగుతుంది. ఆసుపత్రి మెట్ల మీద ఆమెను చూసి ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. పేషెంట్లు మాత్రం 'చేతుల డాక్టరమ్మ' అంటారు. ఆసుపత్రికి కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పేరు చెబితే, ఎముకల డాక్టరు అనుకుని విరిగిన వేళ్లతో వస్తారు.

ఆమె క్యాన్సరు సర్జను. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ చేసేటప్పుడు చాలామందికి చంకలోని గ్రంథులు కూడా తీసేస్తారు. గాయం మానుతుంది, చెయ్యి బిగుసుకుపోతుంది. బతికి ఇంటికి వెళ్లిన మనిషి జడ వేసుకోలేదు, తీగ మీద బట్టలు ఆరేసుకోలేదు, బస్సులో పైనున్న కమ్మీ అందుకోలేదు. 'ప్రాణం నిలబడింది కదా, చేతిదేముంది' అనేవాళ్లు అప్పట్లో పెద్ద సర్జన్లు. గాయంలో ఊరే నీరు పోవడానికి చంకలో పెట్టిన గొట్టం తీసేదాకా చేతిని ఛాతీకి కట్టేసి ఉంచడం ఈ ఆసుపత్రి పద్ధతి. ఆమె కుర్రడాక్టరుగా ఉన్నప్పుడు సగం మందికి ఆ కట్టు విప్పేసింది. ఆపరేషన్ మర్నాటి నుంచే గోడ దగ్గర నిలబెట్టి, వేళ్లతో గోడ మీద పాకించింది, భుజం ఎత్తు దాకానే, మెల్లగా. గొట్టం తీశాక ఇంకా పైకి. కట్టు కట్టినవాళ్లనూ, పాకినవాళ్లనూ ఏళ్ల తరబడి వెంటపడి చూసింది. పాకినవాళ్ల చెయ్యి పైకి లేచింది. ఆ సంగతి పేపరుగా రాసి అచ్చు వేయించింది. తర్వాత రాసినవన్నీ ఆ చెయ్యి చుట్టూ తిరిగినవే. వాపు గురించి ఒకటి, నిద్రలో చెయ్యి ఎలా పెట్టుకోవాలో ఒకటి. మొత్తం పదకొండు.

"కోసేది మేము, పాకించేది నువ్వు" అని థియేటరులో మగ డాక్టర్లు నవ్వేవాళ్లు.

"మీరు కోసి వదిలేస్తారు కాబట్టే పాకించాల్సి వస్తోంది" అనేది ఆమె. అని, వాళ్లతో పాటే కోసేది.

వైద్యంలో ఒకరు రాసిన పేపరును ఇంకొకరు తమ పేపరులో ఆధారంగా చూపిస్తే దాన్ని సైటేషన్ అంటారు. ఎన్ని సైటేషన్లు ఉంటే అంత గొప్ప పరిశోధకుడని లెక్క. పదోన్నతులూ, గదులూ, మనుషులూ ఆ లెక్కను బట్టే వస్తాయి. ఆమెకు ఉన్నవి నలభై మూడు. కొత్త మందు గురించో, కొత్త కోత గురించో రాస్తే ప్రపంచం తిరిగి చూస్తుంది. గోడ గురించి రాస్తే ఎవరు చూస్తారు? నర్సులు చూశారు. ఎన్నో ఆసుపత్రుల్లో ఇప్పుడు మర్నాడే కట్టు విప్పుతున్నారని ఆమె విన్నది. నర్సులు పేపర్లు రాయరు, అంచేత అది లెక్కలోకి రాలేదు.

ఆ పోగొట్టుకున్న గోడే ఆమెకు లెక్క. ఎవరి చెయ్యి ఎక్కడిదాకా వెళ్లిందో అక్కడ వాళ్లే పెన్సిలుతో చిన్న గీత గీసుకునేవాళ్లు. మర్నాడు దాని పైన ఇంకో గీత. వేళ్లు పాకిన దారులు చీమలబారుల్లా పైకి పోయేవి. ఒకావిడ చివరి గీత పక్కన పువ్వు వేసింది. ఒకావిడ మొగుడి బొమ్మ వేసింది, తర్వాత వచ్చినవాళ్లు దానికి కొమ్ములు తగిలించారు.

అవన్నీ ఇప్పుడు మూడు పూతల కింద ఉన్నాయి.

*

"ముఖం అలా పెట్టుకోకండి మేడమ్, ఇవాళ మంచి రోజు" అంది పెద్ద సిస్టరు లోపలికి వస్తూ. వార్డులో నర్సులందరికీ పెద్దది, మాటలో ఇంకా పెద్దది. "మధ్యాహ్నం గదులూ మనుషులూ ఇచ్చే కమిటీ వస్తుంది. మీ నంబరు చూస్తుంది. కళ్లు తిరిగి పడిపోతుంది. మనకి పెద్ద హాలు, ఇద్దరు మనుషులు వస్తారు. గోడ ఏముంది, నాలుగు గోడలిస్తారు."

"ఆ నంబరు నాది కాదని నీకు తెలుసు."

"నాకు తెలుసు. నేను చెప్పనుగా!"

గొడవంతా ఆ నంబరు దగ్గరే ఉంది. ఆసుపత్రి వాళ్లు గత నెల కొత్త ప్రోగ్రాం ఒకటి కొన్నారు. ఏ డాక్టరు ఏం రాశాడో అది పేరును బట్టి ప్రపంచమంతా వెతికి పోగేస్తుంది. ఎక్కడో సముద్రాల అవతల, ఆమె ఇంటిపేరే, ఆమె పొడి అక్షరాలే ఉన్న మరో సర్జను ఉన్నాడు. కాలేయం క్యాన్సరు ఆపరేషన్లలో పేరున్న మనిషి. ప్రోగ్రాం ఇద్దరినీ కలిపి ఒక్కరిని చేసేసింది. తెల్లారేసరికి చేతుల డాక్టరమ్మకు ఆరు వేల పైచిలుకు సైటేషన్లు వచ్చాయి. ఆసుపత్రిలో అందరి పైనా ఆమె పేరు.

ఎన్నడూ ఈ అంతస్తుకు దిగని డైరెక్టరు ఆ రోజు కేకు ఒకరి చేత పట్టించుకుని దిగాడు. ఆమె అప్పుడే చెప్పింది, ఇవి నావి కావని. ఆయన నవ్వి, "మరీ అంత వినయం పనికిరాదు మేడమ్" అని కేకు ముక్క నోట్లో పెట్టాడు. కాలేయానికి తనకూ సంబంధం లేదని ఆమె కాగితం మీద రాసిచ్చాక ఆయన నవ్వడం మానేశాడు, దిద్దడం మాత్రం మొదలుపెట్టలేదు. ఆమె ప్రోగ్రాం వాళ్లకు రాసింది. 'మీ విన్నపం అందింది' అని జవాబొచ్చింది. ఎన్నిసార్లు రాస్తే అన్నిసార్లు అందింది. చివరికి ఆ కాలేయం డాక్టరుకే రాసింది. ఆయన దగ్గర నుంచి ఇంకా ఏమీ రాలేదు.

ఆ పొద్దున ఇంట్లోనూ ఇదే మాట. అత్తగారు గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి, "ఆరు వేలమంది నిన్ను మెచ్చుకుంటుంటే మనింట్లో కుళాయి ఎందుకు కారుతుందమ్మాయ్?" అంది.

"మెచ్చుకునేవాళ్లు కుళాయి బాగుచెయ్యరత్తయ్యా. అయినా వాళ్లు నన్ను కాదు, ఇంకొకాయన్ని మెచ్చుకుంటున్నారు."

"మరి ఆయన్ని మెచ్చుకుంటే నీకేం పోయింది? ఊరుకో. ఊరికే వచ్చింది వద్దనే మనిషిని నిన్నే చూశాను."

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. "ఇంకొకళ్ల పాసు మీద ఎక్కినవాణ్ణి నేనైతే దింపేస్తానమ్మా" అన్నాడు. "వాన పడుతున్నా సరే."

"నీ పెళ్లాన్ని కూడానా?"

"ఆవిడని దింపక్కర్లేదు. ఆవిడే దిగిపోతుంది. అదే నా భయం."

ఆ మాట తల్చుకుంటే ఆమెకు ఇప్పుడూ పెదవి కొస నవ్వొచ్చింది. కోటు తొడుక్కుంది. అట్టముక్కను తీసి, రాత గోడవైపుకు తిప్పి పెట్టింది.

*

ఇస్త్రీ ఆవిడకు మొన్న ఆపరేషన్ అయింది. నడివయసు మనిషి, చామనఛాయ. కుడి ముంజేతి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చలు వరసగా ఉన్నాయి. చంకలోంచి వచ్చిన గొట్టం చివర చిన్న సీసా, ఆ సీసాకు తనే కుట్టుకున్న గుడ్డ సంచీ. సంచీని ఎడమ చేత్తో పొట్టకు హత్తుకుని గది గుమ్మంలో నిలబడింది.

"రండి. ఇలా గోడ దగ్గరికి."

"కొత్త రంగు కదా డాక్టరమ్మా. అంటుకుంటుంది."

"అంటుకోనివ్వండి."

"నలుగురి బట్టలు ముట్టుకునేదాన్ని, మరక పడకుండా చూసుకునే చెయ్యి ఇది. కావాలని మరక పెట్టమంటే ఎట్లా?"

"ఇవాళ్టికి పెట్టండి. తిట్టేవాళ్లు వస్తే నన్ను చూపించండి."

ఆవిడ కాసేపు గోడనూ తన వేళ్లనూ మార్చి మార్చి చూసింది. తర్వాత కుడిచెయ్యి మెల్లగా ఎత్తి చూపుడువేలు, మధ్యవేలు గోడకు ఆనించింది. వేళ్ల కొసలు తడిలో దిగబడ్డాయి. ఒక అడుగు. ఇంకో అడుగు. నుదుటి మీద చెమట పట్టింది.

"లాగుతుందమ్మా. లోపల ఎవరో తాడు కట్టి లాగినట్టుంది."

"లాగుతుంది. లాగినచోట ఆగండి. ఊపిరి పీల్చండి. ఆ తాడుతో కొట్లాడొద్దు, బతిమాలండి."

"మా ఆయన్ని బతిమాలినట్టా?"

"ఆయన వింటారా?"

"వింటే ఇక్కడికి ఇంకా ముందే తీసుకొచ్చేవాడు" అంది ఆవిడ, ఇంకో అడుగు వేసి. మోచేతి ఎత్తు దాటింది. అక్కడ ఆగిపోయి, నుదురు గోడకు ఆనకుండా పక్కకు తిప్పుకుని కళ్లు మూసుకుంది. "ఇస్త్రీ చెయ్యగలనా డాక్టరమ్మా? నిజం చెప్పండి."

"చేస్తారు. పెట్టె మాత్రం తేలికది కొనుక్కోవాలి. చెయ్యి కాలకుండా చూసుకోవాలి, ఇంక ఈ చెయ్యి దెబ్బలు ఓర్చుకోదు. గీత గియ్యండి."

ఆవిడ ఎడమ చేత్తో పెన్సిలు అందుకుని చిన్న గీత గీసింది. తడి రంగులో పెన్సిలు మొన చిన్న కాలువ తవ్వింది. గీత కింద, వేళ్లు పాకినంత మేరా రెండు వరసల గుంటలు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు వచ్చాడు. ఆయన పొడగరి. నడిచేటప్పుడు ముందు చేతిగడియారం వస్తుంది, వెనక ఆయన వస్తాడు. గోడ చూసి ముందు పెయింటర్ని పిలవబోయాడు. తర్వాత ఇస్త్రీ ఆవిడ వేళ్లు చూశాడు.

"మేడమ్, మీతో ఒక్కమాట."

ఇస్త్రీ ఆవిడ మూలనున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. బయటికి వెళ్లమని ఎవరూ అనలేదు, ఆవిడ వెళ్లలేదు.

"మిమ్మల్ని అబద్ధం చెప్పమనడంలేదు" అన్నాడు డైరెక్టరు గొంతు తగ్గించి. "నంబరు నేను చదువుతాను. మీరు పక్కన నిలబడితే చాలు. వాళ్లు తలూపుతారు, పోతారు. ఈ గది ఉంటుంది. మనుషుల్ని ఇస్తారు. లేదంటే ఏమవుతుందో మీకు తెలుసు కదా? మీ అసలు లెక్క చూస్తే ఈ గది నిలవదు. కొత్త స్కానింగు మిషనుకి చోటు వెతుకుతున్నారు. ఈ ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? వాళ్ల కోసమైనా ఆలోచించండి."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడమే ఆమెకు కష్టమనిపించింది. ఆయన దుర్మార్గుడు కాదు. స్కానింగు మిషనూ కావాల్సిందే. మధ్యాహ్నం నోరు మూసుకుంటే గది ఉంటుంది, నోరు తెరిస్తే పోతుంది. లెక్క అంత తేలిక.

"ఆయన ఒప్పుకుంటే చూద్దాం" అంది, తన మాట తనకే వింతగా వినబడగా.

"ఎవరు?"

"ఆ పేపర్లు రాసినాయన."

*

జవాబు భోజనాల వేళకు వచ్చింది. ఆయన రాయలేదు, ఆయన అక్క రాసింది. 'మీ ఉత్తరం నా తమ్ముడి పెట్టెలో చూశాను. వాడు పోయిన చలికాలంలో చనిపోయాడు. తన పేరుతో ఇంకొకరు ఉన్నారని తెలిస్తే చాలా నవ్వేవాడు. ఈ పొరపాటు సంగతి ఏం చెయ్యాలో నాకు తెలియదు. మీకు ఎలా తోస్తే అలా చెయ్యండి.'

ఆమె ఫోను బల్ల మీద బోర్లించింది.

పెద్ద సిస్టరు తీసి చదివింది. కాసేపు నాలుక చప్పరించి, ఆ తర్వాత మెల్లగా, "పాపం" అంది. ఇంకొంచెం మెల్లగా, "అయితే ఇంక అడిగేవాళ్లు లేరు మేడమ్."

"లేరు."

"ఆవిడ కూడా మీ ఇష్టమే అంది."

"అంది."

"దేవుడే దారి చూపించాడనుకోండి."

ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. ఇన్నాళ్లూ ఆ మనిషి పేపర్లు ఒక్కటి కూడా తెరవలేదు, పరాయివాళ్ల ఇంట్లోకి కిటికీలోంచి చూసినట్టు ఉంటుందని. ఇప్పుడు చనిపోయినవాడి ఇల్లు. తలుపు తోసి వెళ్లినట్టే, అన్నిటికంటే ఎక్కువమంది చూపించిన పేపరును తెరిచింది. కొత్త రకం ఆపరేషన్. గెలిచిన ఆపరేషన్. చక్కటి బొమ్మలు, చక్కటి లెక్కలు.

చివరి పేజీకి వచ్చేసరికి ఆమె ముందుకు వంగింది. అక్కడ ఆయన, ఎవరూ అడగకుండానే, మొదట్లో ఆ ఆపరేషన్ వల్ల బతకనివాళ్ల గురించి రాశాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క వాక్యం. ఒకరికి రక్తం ఆగలేదు. ఒకరికి తను కోత ఒక వేలెడు పక్కకు వేశాడు. ఒక మనిషిని ఆరోజు అసలు బల్ల ఎక్కించకుండా ఉండాల్సింది. చివర ఒక మాట: 'ఈ మరణాలు పద్ధతివి కావు, నావి.'

ఆమె ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది. కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడిచి పెట్టుకుంది.

"సిస్టర్, ఈయన పేపర్లు నావని చెప్పుకుంటే, ఈయన చేతిలో పోయినవాళ్లు కూడా నా వాళ్లే అవుతారు."

"అదేం మాట మేడమ్!"

"మాటేముంది. వీళ్లను ఈయన ఎవరికీ అంటగట్టలేదు. తనే మోశాడు. ఆరు వేలు కావాలి, వీళ్లు మాత్రం వద్దు అంటే కుదరదు. నాకు నా వాళ్లే ఉన్నారు. చెయ్యి లేవకుండానే పోయినవాళ్లు, లేచాక పోయినవాళ్లు. వాళ్లనే మోయలేక చస్తున్నాను."

పెద్ద సిస్టరు ఆమె ముఖం చూసింది. అన్నం డబ్బా మూత తీసి ఆమె ముందుకు తోసింది. "ముందు తినండి. కొట్లాటకి వెళ్లేవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు."

ఆమె తింది. అంతా తింది. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

*

కమిటీలో ముగ్గురు. అధ్యక్షురాలు పెద్దావిడ, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, వినడానికి తల కాస్త పక్కకు వంచుతుంది. మిగతా ఇద్దరూ మగవాళ్లు. ఒకాయన చేతిలో పలక లాంటి కంప్యూటరు. ఇంకొకాయనకు జలుబు. గదిలో కుర్చీలు చాలక అందరూ నిలబడ్డారు. గొట్టం సంచీతో ఇస్త్రీ ఆవిడ ముక్కాలిపీట మీద మళ్లీ వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం వంతు చెయ్యాల్సి ఉంది ఆవిడ.

డైరెక్టరు నంబరు చదివాడు. చక్కటి గొంతుతో చదివాడు.

"చాలా గొప్ప సంగతి" అంది అధ్యక్షురాలు. అంటూ అలవాటుగా గోడకు చెయ్యి ఆనించి, వెంటనే తీసుకుంది. అరచేతినిండా తెల్లరంగు. చేతిరుమాలు వెతుక్కుంటూ, "కాలేయం మీద ఇంత పని చేసి, మళ్లీ ఈ చిన్న గదిలో చేతుల మీద ఎందుకు పని చేస్తున్నారు?" అని అడిగింది.

డైరెక్టరు నోరు తెరిచాడు. ఆమె ముందు తెరిచింది.

"నేను కాలేయం మీద పని చెయ్యలేదండీ. అవి ఇంకొకాయనవి. పేరు కలిసింది. ఆయన పోయారు. బతికుంటే ఆయనే చెప్పేవారు, లేరు కాబట్టి నేను చెబుతున్నాను."

జలుబాయన తుమ్మబోయి ఆపుకున్నాడు. పలకాయన వేలితో పలక మీద పైకీ కిందకీ జరిపాడు.

"మరి మీవి ఎన్ని?" అన్నాడు.

"పేపర్లు పదకొండు. సైటేషన్లు నలభై మూడు."

"నలభై మూడు... వందలా?"

"నలభై మూడే. అందులో తొమ్మిది నా పేపరును నేనే చూపించుకున్నవి. అవి తీసేస్తే ముప్పై నాలుగు."

వరండాలో చక్రాల బల్ల ఒకటి కిర్రుమంటూ పోయింది. ఆమెకు చెవులు వేడెక్కాయి. సిగ్గనుకుంది ముందు. కాదు. ఎన్నాళ్లుగానో బిగుసుకుపోయినదేదో లోపల పైకి లేస్తోంది.

"ముప్పై నాలుగూ నావే" అంది. "ఒక్కటి కూడా పక్కవాళ్లది లేదు. ఎక్కడ తప్పు పట్టినా నిలబడి జవాబు చెబుతాను."

"మీ నిజాయితీ మెచ్చుకోదగ్గది" అంది అధ్యక్షురాలు నెమ్మదిగా. నిజంగానే అంది. "కానీ మా ప్రమాణాలు..."

"తెలుసండీ. గీత మీరు ఎక్కడ గీశారో తెలుసు. నేను దాని కిందే ఉన్నాను. ఉన్నచోటే ఉన్నానని చెబుతున్నాను."

పలకాయన ఏదో నొక్కాడు. చాలా చిన్న చప్పుడు.

వాళ్లు వెళ్లాక డైరెక్టరు గుమ్మంలో నిలబడిపోయాడు. కోపంగా లేడు, అలసిపోయి ఉన్నాడు. "నిలబడితే చాలన్నాను కదా మేడమ్."

"నిలబడే ఉన్నాను కదండీ."

ఆయన గడియారం చూసుకున్నాడు. "గది సోమవారం స్కానింగు వాళ్లకిచ్చేస్తారు. మీరు కింద ఓపీలో కూర్చోండి. గొంతులూ జ్వరాలూ చూడొచ్చు, తేలిగ్గా ఉంటుంది."

"నాకు తేలిక పని వద్దండీ. ఇంక ఇక్కడికి రాను."

"తొందరపడుతున్నారు."

"ఇన్నేళ్లు మెల్లగా పాకాను. ఒక్కసారి తొందరపడనివ్వండి."

ఆయన తలూపి, గడియారం వెనకాలే వెళ్లిపోయాడు.

*

సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గొడుగు, మంచినీళ్ల సీసా, బ్లేడు. బ్లేడును కాగితంలో చుట్టి వాడేసిన సూదుల పసుపు డబ్బాలో పడేసింది. ఫోను తీసి, నిలబడే, ఆ అక్కకు రాసింది. 'మీ తమ్ముడివి మీ తమ్ముడికే ఉంచానండీ. చివరి పేజీ చదివాను.' అంతకంటే ఏం రాయాలో తెలియలేదు.

పెద్ద సిస్టరు తాళంచెవి తీసుకుంది. ముక్కు ఎర్రగా ఉంది. "నాలుగు గోడలన్నాను. నా నోరు!"

"నీ నోరు బాగానే ఉంది. రేపటి నుంచి దాన్ని కాస్త గట్టిగా వాడు. కట్టు కడతామని ఎవరైనా అంటే..."

"కత్తెర తీసుకుని నేనే కోసేస్తాను. మీరు దాని గురించి బెంగపెట్టుకోకండి."

ఇస్త్రీ ఆవిడ పీట మీంచి లేచింది. "మరి నా చెయ్యి డాక్టరమ్మా?"

"మా ఇంటి చుట్టూ గోడ ఉంది, వీధంత పొడుగు. గొట్టం తీశాక ఆదివారం రండి. తెలిసినవాళ్లుంటే వాళ్లనీ తీసుకురండి. మా అత్తగారు అరుస్తుంది, పట్టించుకోకండి. రెండో వారానికి ఆవిడే పీటలు వేస్తుంది."

"రంగు కొత్తదా?"

"రంగే లేదు."

ఆవిడ నవ్వింది. నవ్వితే కుట్లు లాగాయి కాబోలు, సంచీని పొట్టకు అదుముకుంది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, గోడ దగ్గరికి వెళ్లి పొద్దుటి గీత పక్కన వేళ్లు ఆనించింది. అంతసేపటికి పై పొర కొంచెం ఆరింది, ఇప్పుడు వేళ్లు అంత లోతుగా దిగలేదు. ఒక అడుగు. ఆగి, ఊపిరి తీసి, ఇంకో అడుగు.

గొడుగు చంకన పెట్టుకుని ఆమె గుమ్మం దాకా వెళ్లింది. పెన్సిలు విప్పి ఇవ్వనా అని పెద్ద సిస్టరు అడిగింది. వద్దంది, అది గోడదని. వరండాలోకి అడుగుపెట్టి ఒక్కసారి తిరిగి చూసింది. ఇస్త్రీ ఆవిడ అప్పటికే చెయ్యి దించుకుని, వేళ్లకు అంటిన రంగును చూసుకుంటోంది. పొద్దుటి గీతకు బెత్తెడు పైన తెల్లరంగులో కొత్త గీత ఒకటి ఉంది, దాని పక్కనే పురికొసకు వేలాడుతున్న పొట్టి పెన్సిలు, ఇప్పుడే వదిలిన చెయ్యి కోసం చూస్తున్నట్టు, ఇంకా మెల్లగా తిరుగుతోంది.